అంచు దగ్గర మొదలయ్యే బొమ్మ

ఫొటోగ్రఫీ నేర్పేవాళ్లు మొదట మూడో వంతు సూత్రం చెబుతారు. దానికంటే ముందు చూసుకోవలసింది ఇంకొకటుంది. బొమ్మ ఎక్కడ ఆగిపోతోందో, ఆ గీత. అమరావతి శిల్పి నుంచి బాపు వరకు, లైకా కెమెరా నుంచి మన చేతిలోని ఫోను వరకు ఆ గీతతో కుస్తీ పట్టినవాళ్ల కథ ఇది.

ఫోను కెమెరా సెట్టింగుల్లో ‘గ్రిడ్’ అని ఒకటుంటుంది. దాన్ని నొక్కగానే తెర మీద నిలువుగా రెండు, అడ్డంగా రెండు సన్నటి గీతలు పడి తొమ్మిది గళ్లు ఏర్పడతాయి. ఆ గీతలు కలుసుకునే నాలుగు చోట్లలో ఎక్కడో ఒకచోట మనిషి ముఖాన్నో, చెట్టునో, గోపురాన్నో పెడితే బొమ్మ కుదురుతుందని ఫొటోగ్రఫీ తరగతిలో మొదటి రోజే చెబుతారు. చాలామంది ఆ ఒక్క పాఠంతోనే ఆగిపోతారు. పెళ్లి ఫొటో అయినా, పొలం గట్టు అయినా, పాపాయి నవ్వు అయినా అదే గడిలో కూర్చోబెడతారు.

ఈ సూత్రాన్ని మొదట అచ్చులో పెట్టినవాడు ఫొటోగ్రాఫర్ కాదు. అప్పటికి ఫొటోగ్రఫీయే పుట్టలేదు. 1797లో ఇంగ్లండులో జాన్ థామస్ స్మిత్ అనే చిత్రకారుడు పల్లె దృశ్యాల మీద ఒక పుస్తకం తెచ్చాడు. చిత్రంలో వెలుగూ చీకటీ సరిసమానంగా ఉండకూడదు, ఏదో ఒకదానిది పైచేయి కావాలి అని అంతకుముందు జాషువా రేనాల్డ్స్ చెప్పిన ఆలోచనను స్మిత్ అందుకుని ఇంకాస్త ముందుకు నడిపాడు. నేలా నీరూ కలిసి ఒక వంతు ఉంటే ఆకాశం రెండు వంతులు ఉండాలన్నాడు. అతను మాట్లాడింది పాళ్ల గురించి. నాలుగు చుక్కల మాట తర్వాతివాళ్లు చేర్చింది. అంటే ఇవాళ ఫోనులో మనకు కనిపించే గ్రిడ్, అసలు పాఠానికి చాలా దూరం జరిగిపోయిన రూపం.

అదే 1797లో సర్వేయరు కాలిన్ మెకెంజీ కృష్ణ ఒడ్డున అమరావతికి వచ్చాడు. అక్కడ ఇటుకల కోసం, రాళ్ల కోసం జనం తవ్వుకుంటున్న ఒక దిబ్బను చూశాడు. ఆ దిబ్బ మహాచైత్యమనే బౌద్ధ స్తూపం. అందులోంచి బయటపడిన రాతి పలకలను చూస్తే, లండన్‌లో మూడో వంతుకు పేరు పెట్టడానికి పదహారు వందల ఏళ్ల ముందే కృష్ణాతీరపు శిల్పులు కంపోజిషన్‌లో ఎంత లోతుకు వెళ్లారో తెలుస్తుంది.

గుండ్రటి రాతిలో మదపుటేనుగు

స్తూపం చుట్టూ పల్నాటి సున్నపురాతితో కట్టిన ప్రాకారం ఉండేది. దాని స్తంభాల మీద, వాటిని కలిపే అడ్డరాళ్ల మీద గుండ్రటి ఫలకాలు చెక్కారు. ఎక్కువ వాటిలో విచ్చుకున్న పద్మం ఉంటుంది. కొన్నింటిలో పద్మం తప్పుకుని కథకు చోటిచ్చింది. అలాంటి ఫలకం ఒకటి చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. సుమారు 2వ శతాబ్దపు పని. రాజగృహ వీధుల్లో బుద్ధుడి మీదికి వదిలిన నాలాగిరి అనే మదపుటేనుగు ఆయన ముందు మోకరిల్లిన ఘట్టం.

దాన్ని చూడబోయే ముందు శిల్పికి ఎదురైన చిక్కును తలుచుకోండి. నలుచదరపు పలకకు మూలలుంటాయి. అంత ముఖ్యం కానివాటిని మూలల్లోకి నెట్టేయవచ్చు. అడుగున సమంగా నేల ఉంటుంది, మనుషులను నిలబెట్టవచ్చు. వృత్తంలో మూల లేదు, నేల లేదు. అంచు దగ్గర నిలబెట్టిన ప్రతి మనిషీ లోపలికి ఒరిగినట్టే కనిపిస్తాడు. పైగా వృత్తం చూపును నడిమధ్యకు లాగేస్తుంది. అక్కడ ఒక్క బొమ్మ పెడితే కథ కదలదు.

శిల్పి ఏనుగును రెండుసార్లు చెక్కాడు. ఎడమవైపు అది వీధిలో విరుచుకుపడుతోంది. జనం చెల్లాచెదురవుతున్నారు. బెదిరిపోయిన ఒక స్త్రీ పక్కనున్న మగవాణ్ణి గట్టిగా పట్టుకుంది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు వంగిపోయింది. పైన మేడ కిటికీల్లోంచి తలలు తొంగిచూస్తున్నాయి. ఎడమ సగమంతా ఏటవాలు గీతలు. ఒరిగిన ఒళ్లు, చాచిన చేతులు, పరుగు. కుడివైపుకు వచ్చేసరికి బుద్ధుడు నిట్టనిలువుగా ఉన్నాడు. ఏటవాలు అలజడి నిలువు గీత దగ్గరికి వచ్చి శాంతించింది. కథ తెలియనివాడికి కూడా ఏదో ఉపద్రవం చల్లారిందని ఆ గీతలే చెప్పేస్తాయి.

కిటికీల్లోని తలలు నన్ను ప్రత్యేకంగా కట్టిపడేస్తాయి. వృత్తపు పైభాగాన్ని ఎలా నింపాలనేది శిల్పికి ఇబ్బందే. ఆకాశం వదిలితే బోసిపోతుంది. అతను అక్కడ చూసేవాళ్లను పెట్టాడు. వాళ్ల చూపులు కిందికి. వాళ్లను చూసిన మన చూపూ కిందికే దిగుతుంది. అంచు తెచ్చిన ఇబ్బందిని అంచుతోనే పరిష్కరించుకోవడమంటే ఇదే. కంపోజిషన్ గురించి నేను చదివిన ఏ పుస్తకమూ నాకు ఇంతకంటే ఎక్కువ నేర్పలేదు.

చూపు ఎటు పోతుంది?

ఇలాంటి బొమ్మల మీద బాణం గుర్తులు గీసి ‘చూపు ఇక్కడ మొదలై ఇలా తిరిగి ఇక్కడికి చేరుతుంది’ అని చెప్పే పాఠాలు ఎన్నో ఉన్నాయి. వాటిని నేను జాగ్రత్తగా తీసుకుంటాను. సోవియట్ పరిశోధకుడు అల్‌ఫ్రెడ్ యార్బస్ చూసేవాళ్ల కనుగుడ్ల కదలికలను నమోదు చేసి, ఆ ఫలితాలతో 1965లో పుస్తకం ప్రచురించాడు. అందులో పేరుపడ్డ ప్రయోగానికి ఎంచుకున్నది ఇల్యా రేపిన్ చిత్రం. ప్రవాసం నుంచి ఎవరూ ఎదురుచూడని వేళ ఒక మనిషి ఇంటి గదిలోకి అడుగుపెడతాడు, ఇంట్లోవాళ్లు తలెత్తి చూస్తారు. ఒకే మనిషికి ఒకే చిత్రాన్ని చూపిస్తూ యార్బస్ ప్రశ్న మార్చాడు. వీళ్ల వయసులెంత అని అడిగితే చూపు ముఖాల మీదే తచ్చాడింది. వీళ్ల కలిమిలేములేమిటి అంటే సామాన్ల మీదికి, బట్టల మీదికి పోయింది. ప్రశ్న మారినప్పుడల్లా దారి మారింది.

కాబట్టి చిత్రకారుడు మన కంటికి పగ్గం వేయలేడు. ఏది లోపలుండాలి, ఏది బయటుండాలి, లోపలున్నవాటిలో ఏది ఏ ముఖం పక్కన ఉండాలి అన్నంతవరకే అతని ఇష్టం. ఆ పరిమితిలోనే మహాకళ అంతా జరిగింది. బంగారు నిష్పత్తి అని 1.618 సంఖ్యను పట్టుకుని, ప్రతి గొప్ప చిత్రం మీదా సుడి గీసి చూపించేవాళ్లున్నారు. సుడిని కాస్త పెంచి, కాస్త తిప్పితే అది దేనిమీదైనా సరిపోతుంది. అందుకే ఆ విద్య మీద నాకు నమ్మకం లేదు.

కప్పు మీద, గుడ్డ మీద

లేపాక్షిలో అంచు ఇంకో రకం. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయంలో బొమ్మలు మండపాల కప్పు మీద ఉన్నాయి. కప్పుకు పైనా కిందా లేవు. చూసేవాడు మెడ ఎత్తి నడుస్తూ ఉంటాడు. చిత్రకారులు కప్పును పొడవాటి పట్టీలుగా పంచుకుని, మనుషులను పక్కవాటు ముఖాలతో, ఒకరి వెనక ఒకరిని నడిపించారు. ఎర్రమట్టి రంగు, పసుపు, తెలుపు, వాటి చుట్టూ గట్టి నల్లగీత. నీడలు లేవు, దూరానివి చిన్నవవడం లేదు. కిరాతార్జున కథలోని అడవిపంది దగ్గర నిలబడి చూస్తే, దూరాన్ని వదులుకున్నందుకు చిత్రకారుడికి దక్కినదేమిటో తెలుస్తుంది. మసకవెలుగులో, అంత కింద నిలబడిన మనిషికి సైతం పంది ఒళ్లు ఒక్క చూపులో అందుతుంది. సూర్యుడికి ఎదురుగా నిలబడి నల్లటి ఆకారాలను తీసే ఫొటోగ్రాఫర్ పాటించేదీ ఇదే. రెండు ఆకారాలు ఒకదాని మీద ఒకటి పడకూడదు, వాటి మధ్య సన్నటి వెలుగు సందు ఉండాలి.

చేర్యాల నకాషీ పటం గోడకు వేలాడేసే బొమ్మ కాదు, చెప్పే కథకు తోడు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు పట్టించి గట్టిపరిచి, దాని మీద వరసలు వరసలుగా ఘట్టాలు వేస్తారు. వెడల్పు మూడడుగుల దరిదాపు, పొడవు మాత్రం పదుల అడుగులు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ ఇలా పటం విప్పుతూ చెబుతూ వచ్చారు. రాత్రిపూట, ఊరి నడుమ, కూర్చున్న జనానికి దూరం నుంచి కనిపించాలి. అందుకే వెనకంతా ఒకే ఎరుపు. ఆ ఎరుపు మీద పచ్చని, నీలపు ఒళ్లు ముందుకు దూకుతాయి. ముఖ్యుడు పెద్దగా, పక్కవాళ్లు చిన్నగా. వరసకూ వరసకూ మధ్య పూలపట్టీ. కథకుడు ఎక్కడ ఆగితే అక్కడే చట్రం. ఏ ఘట్టం ముందు ఎంతసేపు ఉండాలో జనం ముఖాలు చూసి అతనే తేల్చుకుంటాడు.

రెండు సినిమా ఫ్రేములు కలిస్తే

ఇప్పుడు మనం ఫొటో అనగానే తలుచుకునే మూడుకు రెండు పాళ్ల దీర్ఘచతురస్రం ఎవరో సౌందర్య శాస్త్రవేత్త తేల్చింది కాదు. జర్మనీలో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ 35 మిల్లీమీటర్ల సినిమా రీలునే చిన్న కెమెరాలో వాడదామనుకున్నాడు. సినిమా ఫ్రేము 18×24 మిల్లీమీటర్లు. రీలును అడ్డంగా నడిపి, రెండు ఫ్రేముల చోటును ఒక ఫొటోకు ఇచ్చాడు. 24×36 వచ్చింది. 1925లో లైకా పేరుతో బజారుకెక్కింది. ఆ తర్వాత వందేళ్లుగా ప్రపంచం తన యుద్ధాలను, పెళ్లిళ్లను, పసిపిల్లలను ఆ పాళ్లలోనే ఎక్కువగా చూసుకుంది.

అంతకుముందు కెమెరా బరువైన పెట్టె. హైదరాబాదులో ఆరో నిజాం కొలువులో పేరు పొంది రాజా బిరుదు అందుకున్న లాలా దీన్‌దయాళ్ లాంటివాళ్లు నల్లగుడ్డ కప్పుకుని గాజుపలక మీద పడిన బింబాన్ని చూసేవాళ్లు. ఆ బింబం తలకిందులుగా పడేది. దీన్ని అడ్డంకి అనుకుంటాం గానీ, చిత్రకళ విద్యార్థులకు ఇవాళ్టికీ గీసిన బొమ్మను తిరగేసి చూసుకోమని చెబుతారు. తిరగేస్తే అది చార్మినారు కాదు, నవాబు కాదు. ముదురు రంగు ముద్దలు, లేతరంగు ముద్దలు. బరువు ఎటు ఒరిగిందో అప్పుడు తెలుస్తుంది. సంస్థానపు భవనాలను తీసిన ఆ పాత గాజుపలకల్లో కనిపించే నిబ్బరంలో ఈ తలకిందుల చూపుకూ వాటా ఉందని నా నమ్మకం.

లైకా చేతికి వచ్చాక చట్రం కంటికి ఆనుకుంది, మనిషితో పాటు పరుగెత్తింది. దాన్ని అందరికంటే నిష్ఠగా వాడినవాడు ఫ్రాన్స్‌కు చెందిన హెన్రీ కార్టియే బ్రెసాన్. ఫొటోలకు ముందు ఆంద్రే లోత్ అనే చిత్రకారుడి దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. తీసిన ఫ్రేమును తర్వాత కత్తిరించకూడదని పట్టుబట్టినవాడు. 1932లో యేర్ పట్టణంలో తీసిన ఫొటోలో, మెలి తిరిగి దిగుతున్న మెట్లు, వాటి ఇనుప కమ్మీలు చూపును కింది వీధిలోకి దించుతాయి. సరిగ్గా ఆ వంపు దగ్గర ఒక సైకిలు మనిషి మసకగా దూసుకుపోతుంటాడు. చట్రం ముందే సిద్ధం. సైకిలు రావడమే తరువాయి. తెలిసిన ఫొటోగ్రాఫర్లు ఇప్పటికీ ఇలాగే పనిచేస్తారు. వేటాడరు. వెలుగూ గోడా మెట్లూ కుదిరిన చోటు చూసుకుని అక్కడ నిలబడతారు. మనిషి నడిచి వస్తాడు.

అదే ఏడాది పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక తీసిన ఫొటో ఇంకా పేరుపొందింది. నీటిగుంట మీదుగా ఒకతను గెంతాడు. మడమ నీటిని తాకడానికి వెంట్రుకవాసి ఉంది. కింద అతని ప్రతిబింబం, వెనక గోడ మీది పోస్టరులో అలాగే గెంతుతున్న నర్తకి. కత్తిరించడమంటే గిట్టని బ్రెసాన్‌కు దీన్ని కత్తిరించక తప్పలేదు. కంచె చెక్కల సందులోంచి తీయడంతో ఫ్రేము ఎడమ పక్కకు చెక్క అడ్డొచ్చింది. నెగెటివ్ మొత్తాన్ని, కత్తిరించిన ప్రింటును పక్కపక్కన పెట్టి చూస్తే నిష్ఠ కంటే బొమ్మే పెద్దదని తేలుతుంది. కత్తిరింపు తప్పు కాదు. కాకపోతే అంచును ఎక్కడ వేస్తున్నామో తెలిసి వేయాలి.

ఇది తెలియకపోవడం మన ఇళ్లలోని ఫొటోల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మణికట్టు దగ్గర, మోకాలి దగ్గర, చీలమండ దగ్గర ఫ్రేము తెగితే మనిషికి అంగం పోయినట్టే అనిపిస్తుంది. కీళ్ల మధ్యలో, తొడ దగ్గరో జబ్బ దగ్గరో తెగితే ఆ బాధ ఉండదు. బటన్ నొక్కే ముందు ముఖాన్ని వదిలి నాలుగు అంచులూ ఒకసారి చుట్టి రండి. అరక్షణం పని. తలలోంచి మొలిచిన కరెంటు స్తంభం, ఓ మూలన సగం తెగిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ అప్పుడే బయటపడతాయి.

తెల్లకాగితాన్ని నమ్మినవాడు

తెలుగులో ఈ విద్యను ఇంటింటికీ తెచ్చినవారు బాపు. 1933లో నర్సాపురంలో పుట్టి, లా చదివి, పత్రికల్లో బొమ్మలు వేసి, 1967లో ‘సాక్షి’తో దర్శకులయ్యారు. పత్రికలో కథకు బొమ్మ వేసేవాడికి చట్రం చాలా ఇరుకు. పక్కనే అక్షరాల వరసలు, పైన శీర్షిక. బాపు ఆ ఇరుకును నింపలేదు. ఖాళీ చేశారు. పడవ అంచుకు నాలుగు గీతలు, మనిషికి పది. మిగతాదంతా కాగితం తెలుపు, అదే నీళ్లు, అదే ఆకాశం. వెనక్కి తిరిగి కూర్చున్న అమ్మాయి ముఖం చూపించకుండా జడ వంపుతోనే ఆవిడ అలకను పలికించగలరు. సినిమాకు వచ్చాక షాట్లను ముందే బొమ్మలుగా వేసుకునేవారు. అందుకే ఆయన చిత్రాల్లో మనుషులు ఫ్రేములోకి వచ్చి నిలబడినట్టు ఉండరు, ఫ్రేము వాళ్ల కోసమే కట్టినట్టుంటుంది. ‘ముత్యాల ముగ్గు’ (1975)కు ఛాయాగ్రహణంలో జాతీయ అవార్డు అందుకున్నది ఇషాన్ ఆర్య. గీతల మనిషి ఊహ, వెలుగుల మనిషి చెయ్యి కలిసిన పని అది.

అంతకు ఏడాది ముందే, 1974లో తెలుగు తెర ఒక్కసారిగా వెడల్పయింది. ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం, ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి. ఎత్తుకు రెండు రెట్లకు పైగా వెడల్పుండే ఆ తెర మీద ఒక్క ముఖం పెడితే రెండు పక్కలా బోలెడు ఖాళీ. దాన్ని అడవితో, కొండవరసతో, బారులు తీరిన మనుషులతో పరచాలి. కథ మన్యానిది కావడంతో చట్రమూ కథా ఒకదానికొకటి అతికాయి.

పెళ్లి ఆల్బములకు ఈ అతుకు కుదరడం లేదు. కరిజ్మా ఆల్బములో ఒక షీటు 12×36 అంగుళాలు, అంటే ఎత్తుకు మూడు రెట్ల వెడల్పు, సినిమాస్కోపు కంటే పొడవు. అందులో వధువు ముఖం పెద్దగా, దాని వెనక అదే ముఖం మసకగా, ఇంకో పక్క అదే ముఖం మళ్లీ, సందుల్లో పూలు, మెరుపులు. ఖాళీ అంటే డబ్బు దండగ అనే భయం. ఆ వెడల్పు తలంబ్రాల వేళ పీటల చుట్టూ మూగిన బంధుజనానికి చక్కగా సరిపోతుంది. అత్తయ్య చెయ్యి, బావ నవ్వు, మధ్యలో దూరిన పిల్లవాడు, అందరూ పడతారు. మంచి ఫొటోగ్రాఫర్లు షీటు వెడల్పును తలలో పెట్టుకునే ఆ క్షణాలను తీస్తారు. పూలు అతికించే పని వాళ్లకు రాదు.

నిలువు తెర కొత్తదేమీ కాదు

ఫోను వచ్చాక చట్రం నిలువుగా లేచింది. తొమ్మిది పాళ్ల వెడల్పు, పదహారు పాళ్ల ఎత్తు. ఇది బొమ్మకు పనికిరాని ఆకారమని విసుక్కునేవాళ్లతో నేను ఏకీభవించను. జపానులో హిరోషిగే 1857లో చెక్క అచ్చులతో వేసిన కమెయిదో ప్లమ్ తోట చిత్రం నిలువుదే. చెట్టు కొమ్మను మన ముక్కుకు తగిలేంత దగ్గరగా, ఫ్రేముకు అడ్డంగా పెట్టేశాడు. ఆ కొమ్మ అంచుల దగ్గర తెగిపోతుంది. కొమ్మల సందుల్లోంచి, ఎక్కడో దూరాన, పూలు చూడవచ్చిన మనుషులు చీమల్లా కనిపిస్తారు. వాన్‌గో దీన్ని చూసి ఉండబట్టలేక 1887లో నూనెరంగుల్లో మళ్లీ వేసుకున్నాడు. నిలువు చట్రం వెడల్పును ఇవ్వదు, దగ్గరనూ దూరాన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకునే వీలిస్తుంది. రీల్సు తీసే కుర్రాళ్లకు ఈ ఒక్క బొమ్మ చూపిస్తే చాలు. వెడల్పు దృశ్యాన్ని నిలువులో ఇరికించే బదులు, ముందు ఒక మామిడి కొమ్మనో గడప కమ్మీనో పెట్టుకుని దాని వెనక ఊరిని చూపించగలరు.

జరుగుతున్నది మాత్రం వేరు. సినిమాస్కోపు పాటలను నిలువు రీలుకు కోసేస్తున్నారు. లెక్క వేస్తే వెడల్పులో నాలుగో వంతు కూడా మిగలదు. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకునే షాటులో ఒకరు మాయమవుతారు. ఇంకో కోత దీనికంటే పాతది, టీవీలది. 1950ల నాటి తెలుగు సినిమా దాదాపు చతురస్రం. దాన్ని ఇప్పటి వెడల్పు తెర నిండా పరచాలంటే ఎత్తులో నాలుగో వంతు దాకా పైనా కిందా కోయాలి. ‘మాయాబజార్’ (1957)కు మార్కస్ బార్‌ట్లే ఫ్రేములు కట్టింది ఆ ఎత్తును లెక్కలో పెట్టుకుని. పౌరాణికంలో మనిషి ఎత్తు తలతో ముగియదు, కిరీటంతో ముగుస్తుంది. ఘటోత్కచుడిగా ఎస్.వి. రంగారావు నిలబడితే కిరీటం మొనకూ ఫ్రేము పై అంచుకూ మధ్య వదిలిన జాగాలోనే ఆ రాక్షసుడి ఠీవి ఉంది. ఆ జాగాను కోసేస్తే మొన అంచుకు తగులుతుంది, మనిషి గుజ్జువాడవుతాడు.

పాత సినిమా వేసేటప్పుడు రెండు పక్కలా నల్లపట్టీలు ఉండనివ్వండి. చూసేవాళ్లు ఫిర్యాదు చేస్తారని చానెళ్ల భయం. ఎందుకున్నాయో సినిమాకు ముందు ఒక్క వాక్యంలో చెబితే ఎవరూ ఫిర్యాదు చేయరు. ఇంట్లో టీవీ రిమోటులో బొమ్మను సాగదీసే, కోసే మీట ఒకటుంటుంది. అది ఆపేసి, ఒకసారి ఆ పాత సినిమాను దాని సొంత అంచులతో పూర్తిగా చూడండి.